చీమకుర్తి: నాస్ నుంచి బూటయ్యే డిస్కు లేని లినక్స్ సర్వర్ లాగిన్ దగ్గర ఆగిపోతోంది, పింగ్‌కు మాత్రం పలుకుతోంది

చీమకుర్తి_రాయి

మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో ఒక ఉబుంటు సర్వర్ డిస్కు లేకుండానే నడుస్తుంది. బయోస్ పీఎక్స్‌ఈ (నెట్‌వర్క్ కార్డులోనే ఉండే బూట్ ప్రోగ్రాము) ద్వారా ఐపీ చిరునామా తీసుకుంటుంది, టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైలు బదిలీ పద్ధతి మీద ఐపీఎక్స్‌ఈ (అంతకంటే తెలివైన బూట్ ప్రోగ్రాము) దిగుతుంది, అది పక్క భవనంలో ఏసీ గదిలో ఉన్న నాస్ అనే నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెతో ఐస్కజీ (డిస్కు చదవడం, రాయడం నెట్‌వర్క్ మీదుగా చేసే పద్ధతి) సంబంధం పెట్టుకుని, అక్కడి లన్‌నే (నాస్ కేటాయించిన డిస్కు భాగాన్నే) రూట్ డిస్కుగా చూపించి లినక్స్‌ను లేపుతుంది. ఈ ఏర్పాటు నాకంటే ముందు పనిచేసిన ఇంజనీరు చేసి వెళ్లినది. చాలా కాలం ఎవరూ దాని జోలికి పోవలసిన అవసరం రాలేదు.

మొన్నటి పిడుగుకు పాత స్విచ్చి కాలిపోయింది. దాని స్థానంలో మేనేజ్డ్ స్విచ్చి (అమరికలు మనం మార్చుకోగలిగేది) ఒకటి తెచ్చి పెట్టారు. అప్పటినుంచి రెండు ఇబ్బందులు మొదలయ్యాయి. మొదటిది, ఐపీఎక్స్‌ఈ చిరునామా కోసం వెతుక్కుంటూ తరచుగా విఫలమై మళ్లీ మొదటికి వస్తోంది. రెండవది, అదృష్టం బాగుండి బూటయినా, లాగిన్ వరకు వచ్చి బిగుసుకుపోతోంది. పేరు టైపు చేస్తే పాస్‌వర్డు అడగదు. ఆ స్థితిలో కూడా పింగ్‌కు చక్కగా జవాబు ఇస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ కలుస్తుంది కానీ ఆ తర్వాత ఒక్క అక్షరం రాదు. బలవంతంగా ఆపి లేపి లాగ్ చూస్తే, ఆగిపోయిన సమయానికి సంబంధించి అందులో ఏమీ ఉండదు.

అకౌంట్స్ విభాగం వారి విండోస్ కంప్యూటర్లు అదే స్విచ్చి మీదుగా అదే నాస్‌లోని ఫైళ్లను ఏ ఇబ్బందీ లేకుండా వాడుకుంటున్నాయి. కాబట్టి స్విచ్చి, నాస్ రెండూ బాగున్నట్టే అనుకుంటున్నాను. ఇక ఎక్కడ వెతకాలి?

మూసీ_ఒడ్డు

ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కొని సర్వర్‌లో పెట్టండి. సమస్య అక్కడితో తీరిపోతుంది.

పలకల_మార్కాపురం

నాస్‌లోని డిస్కుల్లో ఒకటి పోవడానికి సిద్ధంగా ఉన్నట్టుంది. పిడుగు స్విచ్చిని ఒక్కదాన్నే కొట్టి ఊరుకుంటుందని నమ్మలేము. ముందు స్మార్ట్ నివేదిక (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చేది) తీసి చూడండి.

సింహపురి_టెర్మినల్

చీమకుర్తి_రాయి గారూ, మీ చివరి పేరాలోని "కాబట్టి" దగ్గరే నాకు అనుమానంగా ఉంది. విండోస్ యంత్రాలకు నాస్ అందుతోందంటే, ఆ యంత్రాలు పంపే తరహా ప్యాకెట్లు అటూ ఇటూ పోతున్నాయని మాత్రమే రుజువవుతుంది. మీ సర్వర్ పంపేవి కూడా అదే తరహావని మనకు ఇంకా తెలియదు.

డిస్కు లేని యంత్రం బూటయ్యేటప్పుడు నెట్‌వర్క్ నాలుగు చేతులు మారుతుంది. కార్డులోని పీఎక్స్‌ఈ ఒకసారి, ఐపీఎక్స్‌ఈ ఒకసారి, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ (రూట్ డిస్కు అందేదాకా మెమొరీలో నడిచే చిన్న లినక్స్)లోని కర్నెల్ ఒకసారి, చివరికి అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌లోని నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ అమర్చేది) ఒకసారి, ఎవరికి వారు అదే కార్డును మొదటినుంచి సిద్ధం చేసుకుంటారు. ముందువారు సంపాదించిన చిరునామా గానీ సంబంధం గానీ తర్వాతివారికి దానంతట అది అందదు. ఐస్కజీ విషయంలో ఐబీఎఫ్‌టీ అనే పట్టిక ఒకటి మెమొరీలో ఉండి టార్గెట్ (అంటే నాస్) వివరాలను కర్నెల్‌కు అందిస్తుంది కానీ, అది కూడా చిరునామాలు చెప్పే చీటీ మాత్రమే. అందువల్ల ఏ చేతి నుంచి ఏ చేతికి మారేటప్పుడు తెగుతోందో తెలిస్తే సగం పని అయినట్టే. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటి ఇబ్బంది రెండో చేతి దగ్గర, రెండో ఇబ్బంది నాలుగో చేతి దగ్గర ఉన్నాయి. రెండింటినీ ఒకే జబ్బుగా చూడకండి.

చీమకుర్తి_రాయి

మూసీ_ఒడ్డు గారూ, ఎస్‌ఎస్‌డీ సలహా మా యజమాని కూడా ఇచ్చారు. ఇక్కడ రాతి పొడి ఎంత ఉంటుందంటే, సర్వర్ ఫ్యాన్లు, పవర్ సప్లైలు తరచుగా పోతుంటాయి. యంత్రం పోయిన రోజున స్టోర్‌లో ఉన్న మరో పాత యంత్రాన్ని తెచ్చి, దాని మ్యాక్ చిరునామాను (కార్డు సొంత గుర్తింపు సంఖ్యను) డీహెచ్‌సీపీ (ఐపీ చిరునామాలు పంచే సేవ)లో నమోదు చేస్తే, అదే లన్ నుంచి అదే సర్వర్ మళ్లీ లేస్తుంది. ఆ పని ఒంగోలులో కూర్చుని ఫోనులో చెప్పి వాచ్‌మన్ చేత చేయించగలుగుతున్నాను. ఎస్‌ఎస్‌డీ పెడితే స్క్రూడ్రైవరు పట్టుకుని నేను వెళ్లాలి.

పలకల_మార్కాపురం గారూ, స్మార్ట్ నివేదిక చూశాను. డిస్కులన్నీ బాగానే ఉన్నాయి.

పలకల_మార్కాపురం

స్మార్ట్ బాగుందని చెప్పిన మర్నాడే పోయిన డిస్కులు నా దగ్గర ఒక అలమరా నిండా ఉన్నాయి. అయినా సరే, ముందుకు వెళ్లండి.

పెన్నా_ప్యాకెట్

మొదటి ఇబ్బందికి స్పానింగ్ ట్రీ (స్విచ్చిల్లో కేబుళ్ల వలయాలను అడ్డుకునే ఏర్పాటు) కారణమై ఉంటుంది. పాత స్విచ్చి మామూలు రకం కాబట్టి దానికి ఆ ఆలోచనే ఉండదు. మేనేజ్డ్ స్విచ్చిలో ప్రతి పోర్టూ, లింకు పైకి వచ్చిన వెంటనే, ఎక్కడైనా వలయం ఏర్పడుతుందేమోనని వినే దశలో 15 సెకన్లు, నేర్చుకునే దశలో మరో 15 సెకన్లు గడుపుతుంది. ఆ 30 సెకన్లూ కార్డు మీద దీపం వెలుగుతూనే ఉంటుంది, కానీ ప్యాకెట్లు అటు వెళ్లవు, ఇటు రావు.

కార్డులోని పీఎక్స్‌ఈకి ఓపిక ఎక్కువ. ఆ ప్రమాణం ప్రకారం అది 4, 8, 16, 32 సెకన్ల వ్యవధులతో నాలుగుసార్లు డీహెచ్‌సీపీని అడుగుతుంది, కనుక 30 సెకన్ల ఆలస్యాన్ని తట్టుకుంటుంది. తర్వాత దిగిన ఐపీఎక్స్‌ఈ తన సొంత డ్రైవరుతో కార్డును మళ్లీ మొదలుపెట్టినప్పుడు లింకు ఒకసారి పడి లేస్తుంది, స్విచ్చి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కొత్త ఐపీఎక్స్‌ఈ స్పానింగ్ ట్రీ ఫ్రేములను గుర్తుపట్టి లింకు ఇంకా మూసి ఉందని తెలుసుకుని ఆగుతుంది. పాతదానికి ఆ తెలివి లేదు. మీ ముందటి ఇంజనీరు పెట్టి వెళ్లిన ఐపీఎక్స్‌ఈ ఎప్పటిదో చూడండి.

చేయవలసినది చిన్న పనే. స్విచ్చి పేజీలోకి వెళ్లి సర్వర్, నాస్ ఉన్న పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా, అంటే ఆ నిరీక్షణ లేకుండా వెంటనే తెరుచుకునేవిగా, గుర్తించండి. కొన్ని కంపెనీలు దాన్నే పోర్ట్‌ఫాస్ట్ అంటాయి. స్పానింగ్ ట్రీని మొత్తంగా ఆపేయమని సలహా ఇచ్చేవారు ఈ చర్చలోకి తప్పకుండా వస్తారు; వారి మాట వినకండి.

గుండ్లకమ్మ_గేటు

వచ్చేశాను. మా ఆఫీసులో దాన్ని మొత్తంగానే ఆపేశాం, ఏమీ కాలేదు.

పెన్నా_ప్యాకెట్

ఏదో ఒక రోజు స్వీపరు బల్ల కింద వేలాడుతున్న కేబులు కొసను చూసి, జాగ్రత్తగా పక్కనే ఖాళీగా ఉన్న సాకెట్టులో పెడతాడు. ఆ రోజు మీ ఆఫీసు మొత్తం ఆగిపోయినప్పుడు ఈ పేజీకి మళ్లీ రండి.

కావలి_ల్యాబు

ఇదే తరహా ప్రశ్న నాకూ ఉంది. మా కాలేజీ ల్యాబులో డిస్కులు పోయిన కంప్యూటర్లు చాలా ఉన్నాయి. నాస్‌లో ఒక్క లన్ చేసి, అందులో లినక్స్ పెట్టి, అన్ని కంప్యూటర్లనూ దాని నుంచే ఐస్కజీతో బూట్ చేయించవచ్చా? రెండింటితో ప్రయత్నిస్తే రెండూ లేచాయి.

సింహపురి_టెర్మినల్

దయచేసి ఇప్పుడే ఆపేయండి. ఈఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్ ఆ డిస్కుకు తానొక్కటే యజమాని అనుకుంటుంది. రెండు యంత్రాలు ఒకే లన్ మీద రాస్తే, ఒకదాని క్యాషేలో ఉన్న లెక్క రెండోదానికి తెలియదు. ఒకటి ఖాళీ అనుకున్న బ్లాకులో రెండోది అప్పటికే రాసి ఉంటుంది. లేవడం వేరు, నిలవడం వేరు. ఆ లన్‌లోని ఫైల్ సిస్టమ్ ఈపాటికే చెడిపోయి ఉండవచ్చు.

ల్యాబుకు కావలసినది వేరు. ఒకే ప్రతిని అందరూ చదివేటట్టు మాత్రమే ఉంచి, ఎవరి రాతలు వారి మెమొరీలో ఉండేటట్టు ఓవర్‌లే వేయాలి. దీనికోసం 1999లో మొదలైన ఎల్‌టీఎస్‌పీ అనే ప్రాజెక్టు ఉంది, 2019లో దాన్ని మొత్తం కొత్తగా రాశారు. ఒక స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ప్రతిమను (కుదించిన, మార్చలేని డిస్కు నకలును) ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) మీదుగా పంచుతుంది. విద్యార్థి ఏం చెరిపినా కంప్యూటరు ఆపి లేపితే మళ్లీ మొదటిలాగే ఉంటుంది. ల్యాబ్ అసిస్టెంటుకు అంతకంటే ఏం కావాలి?

కావలి_ల్యాబు

ఆపేశాను. వాటిలో ఒకటి అప్పటికే రూట్‌ను చదవడానికి మాత్రమే అనుమతించే స్థితిలోకి మార్చుకుని కూర్చుంది. మరి ఎన్‌ఎఫ్‌ఎస్ ఇంత సుఖంగా ఉంటే చీమకుర్తి_రాయి గారు ఐస్కజీ ఎందుకు వాడుతున్నారు?

చీమకుర్తి_రాయి

ఆ సర్వర్‌లో డాకర్ (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో నడిపేది) నడుస్తుంది. దాని ఓవర్‌లే పై పొరను ఎన్‌ఎఫ్‌ఎస్ మీద పెట్టడం కుదరదు. ఫైళ్లకు ఇచ్చే కేపబిలిటీలు (ప్రత్యేక అనుమతులు) కూడా ఎన్‌ఎఫ్‌ఎస్ రూట్‌లో నిలవవు. ఐస్కజీ అయితే లినక్స్‌కు అది మామూలు డిస్కులాగే కనిపిస్తుంది.

ఇక అసలు విషయం. పెన్నా_ప్యాకెట్ గారు చెప్పినట్టు రెండు పోర్టులనూ ఎడ్జ్ పోర్టులుగా మార్చాను. ఐపీఎక్స్‌ఈ ఇప్పుడు మొదటి ప్రయత్నంలోనే చిరునామా తీసుకుంటోంది. అయితే లాగిన్ దగ్గర బిగుసుకుపోవడం మాత్రం ఏమీ మారలేదు. కొన్నిసార్లు లాగిన్ కూడా రాకముందే, నెట్‌వర్క్ అమరిక వరుసకు వచ్చేసరికే ఆగుతోంది.

మైపాడు_ఉప్పుగాలి

సముద్రం పక్కన హేచరీలో పనిచేస్తున్నవాడిగా నా అనుభవం చెబుతాను. మా దగ్గర కేబులు కొసల్లోని రాగి ఉప్పుగాలికి పచ్చబడి, గిగాబిట్ లింకు వందకు పడిపోయేది. అప్పుడూ పింగ్ బాగానే వచ్చేది, ఫైళ్లు మాత్రం పాకేవి. మీ దగ్గర ఉప్పుకు బదులు రాతి పొడి ఉంది. ఈథ్‌టూల్‌తో లింకు వేగం, తప్పుల లెక్క చూడండి. వీలైతే స్విచ్చి వైపు లెక్కలు కూడా చూడండి.

సింహపురి_టెర్మినల్

అది చూస్తూనే ఇంకొకటి కూడా చేయండి. మీ లాగ్ ఖాళీగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. రూట్ డిస్కే అందనప్పుడు, రూట్ అందడం లేదన్న సంగతిని లినక్స్ ఏ డిస్కు మీద రాస్తుంది? పింగ్ పలకడానికి కూడా కారణం అదే. పింగ్‌కు జవాబు కర్నెల్ తన మెమొరీలోంచే ఇస్తుంది, దానికి డిస్కు అక్కరలేదు. ఎస్‌ఎస్‌హెచ్ కలవడానికీ అక్కరలేదు, కానీ ఆ తర్వాత షెల్‌ను తెరవాలంటే డిస్కు చదవాలి, అక్కడ ఆగిపోతుంది.

అందువల్ల నెట్‌కన్సోల్ పెట్టండి. అది కర్నెల్ సందేశాలను పుట్టినవి పుట్టినట్టు యూడీపీ ప్యాకెట్లుగా మరో యంత్రానికి పంపేస్తుంది. అవతలి వైపు ఏ ల్యాప్‌టాపులోనైనా నెట్‌క్యాట్‌తో 6666 పోర్టు మీద వింటూ కూర్చోవచ్చు. కర్నెల్ సందేశాల స్థాయిని పూర్తిగా పెంచడం మరచిపోకండి, లేకపోతే ముఖ్యమైనవి కొన్ని బయటికి రావు. ఇలాగే నాస్ వైపు ఐస్కజీ లాగ్ కూడా తెరిచి ఉంచండి.

చీమకుర్తి_రాయి

రెండూ చేశాను. లింకు 1000, ఫుల్ డ్యూప్లెక్స్. సర్వర్ వైపు తప్పుల లెక్క సున్నా. స్విచ్చి పేజీలో నాస్ పోర్టు దగ్గర ఓవర్‌సైజ్ అని ఒక లెక్క ఉంది, సర్వర్ ఆగిపోయినప్పుడల్లా అది పెరుగుతోంది. సర్వర్ పోర్టు దగ్గర కూడా కొంత ఉంది.

నెట్‌కన్సోల్‌లో వచ్చిన సారాంశం ఇది: ఐస్కజీ కనెక్షన్ 1:0కి పంపిన పింగ్‌కు 5 సెకన్ల గడువులో జవాబు రాలేదు, ఆ వెంటనే కనెక్షన్ లోపం 1022. కాసేపటికి మళ్లీ అదే జంట, మళ్లీ అదే. నాస్ లాగ్‌లో చూస్తే మా సర్వర్ పేరుతో లాగిన్ విజయవంతం అని అదే లయలో మళ్లీ మళ్లీ నమోదవుతోంది. లాగిన్ ప్రతిసారీ విజయవంతమవుతుంటే ఇక లోపం ఎక్కడిది?

పలకల_మార్కాపురం

నాస్ జవాబు ఇవ్వడం లేదని కర్నెలే చెబుతోంది. నేను మొదటే చెప్పాను.

పెన్నా_ప్యాకెట్

ఓవర్‌సైజ్ లెక్కతో సంగతి తేలిపోయింది. ఇది జంబో ఫ్రేముల (మామూలు 1500 బైట్లకంటే పెద్ద ప్యాకెట్ల) గొడవ. మీ ముందటి ఇంజనీరు నాస్‌లోనూ, సర్వర్ నెట్‌ప్లాన్‌లోనూ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, బైట్లలో) 9000 పెట్టి ఉంటారు. మామూలు గిగాబిట్ స్విచ్చిలు చాలావరకు పెద్ద ఫ్రేములను అడక్కుండానే పోనిస్తాయి. మేనేజ్డ్ స్విచ్చిల్లో చాలావాటిలో ఆ సౌకర్యం మొదట్లో ఆపి ఉంటుంది, మనం తెరవాలి. తెరవకపోతే 1518 బైట్లు దాటిన ఫ్రేమును అది చప్పుడు చేయకుండా పారేసి, ఓవర్‌సైజ్ లెక్కలో ఒకటి కలుపుకుంటుంది. అది రౌటరు అయితే ప్యాకెట్ పెద్దదైందని తిరుగు సందేశం పంపేది. స్విచ్చికి ఆ అలవాటు లేదు. లినక్స్‌లో ఇలాంటి గుడ్డి దారిని కనిపెట్టే ఎంటీయూ ప్రోబింగ్ ఉంది కానీ, మామూలుగా అది ఆపి ఉంటుంది. ఫలితంగా రెండు వైపులా అదే పెద్ద ముక్కను మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటారు. నెల్లూరు రైల్వే అండర్‌బ్రిడ్జి కింద ఆటోలన్నీ దూరిపోతుంటే, లారీ ఎందుకు రాలేదని అవతల గోడౌనువాడు ఎదురుచూస్తున్నట్టుంది మీ పరిస్థితి.

ఇప్పుడు మీరు చూసినవన్నీ వరుసలో పడతాయి. విండోస్ యంత్రాల ఎంటీయూ 1500, కనుక టీసీపీ చేతులు కలిపేటప్పుడే ముక్క 1460 బైట్లు (1500లో తలకట్లు 40 పోగా) దాటకూడదని ఒప్పందం అయిపోతుంది. నాస్ 9000కు సిద్ధంగా ఉన్నా వారికి చిన్నవే పంపుతుంది. ఐస్కజీ లాగిన్ సంభాషణ కొద్ది వందల బైట్లే కాబట్టి అది ప్రతిసారీ నెగ్గుతుంది. ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ దశలో మీ సర్వర్ ఎంటీయూ ఇంకా 1500. ఆ సమయంలో మొదలైన ఐస్కజీ సంబంధంలో నాస్ నుంచి వచ్చేవి 1460 దాటవు, కనుక బూటు చదవడం సాఫీగా సాగుతుంది. నాలుగో చేతి దగ్గర నెట్‌ప్లాన్ వచ్చి ఎంటీయూను 9000కు పెంచుతుంది. నాస్ తన వంతు ముందే 8960 అని చెప్పి ఉంది కాబట్టి, ఆ క్షణం నుంచి సర్వర్ తన రాతలను పెద్ద ముక్కలుగా పంపడం మొదలుపెడుతుంది. మొదటి పెద్ద రాత స్విచ్చిలో పోతుంది. దాని వెనకే అదే టీసీపీ వరుసలో ఐస్కజీ పింగ్ ఇరుక్కుంటుంది, 1022 వస్తుంది, సంబంధం తెగి కొత్తది కలుస్తుంది. కొత్త సంబంధంలో రెండు వైపులా 8960కు ఒప్పుకున్నారు, కనుక ఇక చదవడం కూడా ఆగిపోతుంది. ఆ మొదటి పెద్ద రాత ఎప్పుడు పడుతుందన్నదాన్ని బట్టి కొన్నిసార్లు లాగిన్ కనిపిస్తుంది, కొన్నిసార్లు కనిపించదు.

పరీక్ష సులభం. ఎంటీయూ 9000 పెట్టిన యంత్రం నుంచి నాస్‌కు, ముక్కలు చేయవద్దన్న గుర్తుతో, 1472 బైట్ల పింగ్ పంపండి, ఆ తర్వాత 8972 బైట్లది పంపండి. 9000లో ఐపీ తలకట్టు 20, ఐసీఎంపీ తలకట్టు 8 పోగా మిగిలేది 8972.

చీమకుర్తి_రాయి

నాస్‌కు లాగిన్ అయి అక్కడి ఎంటీయూ చూస్తే 9000 ఉంది. సర్వర్‌ను రికవరీ షెల్‌లో లేపి నెట్‌ప్లాన్ ఫైలు చదివాను, అందులోనూ 9000 ఉంది. ఒక ల్యాప్‌టాపును సర్వర్ పోర్టులో పెట్టి పరీక్ష చేస్తే 1472కు వెంటనే జవాబు వచ్చింది, 8972కు ఒక్కటీ రాలేదు. ఇప్పుడు స్విచ్చిలో జంబో తెరవాలా, రెండు వైపులా 1500కు దించాలా?

గుండ్లకమ్మ_గేటు

స్విచ్చిలో తెరవండి. ఉన్న సౌకర్యాన్ని వదులుకోవడం ఎందుకు? స్టోరేజీకి జంబో ఫ్రేములు ఉండాలని అన్ని పుస్తకాల్లోనూ రాస్తారు.

సింహపురి_టెర్మినల్

నేను 1500 వైపే మొగ్గుతాను. లెక్క వేసి చూద్దాం. 1500 ఎంటీయూతో ఒక్కో ఫ్రేము తీగ మీద అన్ని హంగులతో కలిపి 1538 బైట్లు ఆక్రమిస్తుంది, అందులో అసలు సరుకు 1460, అంటే సుమారు 95 శాతం. 9000తో 9038లో 8960, అంటే సుమారు 99 శాతం. గిగాబిట్ లింకు మీద మీకు మిగిలేది ఆ నాలుగు శాతం. ప్రాసెసరు మీద భారం తగ్గుతుందనే వాదన ఉంది కానీ, పెద్ద ముక్కలను కోసే పనిని కార్డులే చేస్తున్న ఈ రోజుల్లో ఒక గిగాబిట్‌కు అది తెలియదు. పది గిగాబిట్‌లు, స్టోరేజీకి ప్రత్యేకమైన స్విచ్చి ఉంటే నేనూ జంబోనే అనేవాడిని. మళ్లీ పిడుగు పడి వాచ్‌మన్ ఏదో ఒక స్విచ్చి తెచ్చి తగిలించినప్పుడు, 1500 ఉన్న సర్వర్ ఎవరినీ అడగకుండా లేస్తుంది.

మూసీ_ఒడ్డు

వాచ్‌మన్‌ను ప్రమాణంగా పెట్టుకుని నెట్‌వర్క్ రూపొందించడం ఇదే మొదటిసారి చూస్తున్నాను. తప్పు మాత్రం కనిపించడం లేదు.

చీమకుర్తి_రాయి

1500కు దించాను. మొదట నాస్‌లో మార్చి, తర్వాత రికవరీ షెల్ నుంచి నెట్‌ప్లాన్‌లోని ఆ వరుస తీసేశాను. సర్వర్ లేచింది, డాకర్ లేచింది, వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ కూడా పనిచేస్తోంది. ఓవర్‌సైజ్ లెక్క కదలడం లేదు, నెట్‌కన్సోల్ నిశ్శబ్దంగా ఉంది.

ఈ సందర్భంలోనే మిగతావి కూడా సరిచేద్దామనుకుంటున్నాను. స్విచ్చి ఒక్క నిమిషం ఆగి లేచినా, నాస్ అప్‌డేటు కోసం రీస్టార్ట్ అయినా సర్వర్ తట్టుకోవాలంటే ఏం చేయాలి?

సింహపురి_టెర్మినల్

మొదట ఐస్కజీడీ సేవ నడుస్తోందో లేదో చూడండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌లో సంబంధాన్ని మొదలుపెట్టే ఐస్కజీస్టార్ట్ తన పని ముగించుకుని వెళ్లిపోతుంది. ఆ తర్వాత సంబంధం తెగితే తిరిగి కలిపే బాధ్యత ఐస్కజీడీది. అది లేకపోతే మొదటి తెగుదలకే రూట్ పోయినట్టు. మీ లాగ్‌లో లాగిన్‌లు మళ్లీ మళ్లీ జరిగాయి కాబట్టి మీ దగ్గర అది ఉన్నట్టే.

తర్వాత గడువులు. సంబంధం తెగిన తర్వాత 120 సెకన్ల వరకు డిస్కు అభ్యర్థనలను పట్టి ఉంచి, ఆ గడువు దాటితే లోపంగా పైకి పంపేయడం మామూలు అమరిక. రూట్ డిస్కుకు లోపం వస్తే ఈఎక్స్‌టీ4 చదవడానికి మాత్రమే అనుమతించే స్థితికి మారిపోతుంది, ఇక ఆపి లేపడం తప్ప దారి లేదు. అందువల్ల రూట్ విషయంలో ఆ గడువును 86400 సెకన్లకు, అంటే ఒక రోజుకు పెంచమని, 5 సెకన్లకోసారి పంపే పింగ్‌ను సున్నా పెట్టి ఆపేయమని ఓపెన్ ఐస్కజీ వారి రీడ్‌మీలోనే ఉంది. నాస్ లేచేదాకా సర్వర్ ఊపిరి బిగబట్టి నిలబడుతుంది, తర్వాత ఆపిన చోటు నుంచి సాగుతుంది. విలువ నిజంగా అమలైందో లేదో కాన్ఫిగ్ ఫైలు చూసి నమ్మకండి; సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కర్నెల్ తన ప్రస్తుత విలువలు చూపే చోట) ఐస్కజీ సెషన్ కింద రికవరీ టీఎంవో అనే ఫైలులో ఏముందో చూడండి.

ఒకే దారి ఉన్నవారికి మాత్రమే ఈ సలహా. మల్టీపాత్ (నాస్‌కు ఒకటికి మించిన దారులు) పెట్టినవారు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, గడువును బాగా తగ్గించాలి, లేకపోతే పోయిన దారిని పట్టుకుని వేలాడుతూ ఉంటారు.

పెన్నా_ప్యాకెట్

నెట్‌ప్లాన్‌లో ఆ ఇంటర్‌ఫేస్‌కు క్రిటికల్ అన్న గుర్తును ట్రూ చేయండి. నెట్‌వర్క్ సేవను ఆపినా, తిరిగి లేపినా నెట్‌వర్క్‌డీ (నెట్‌ప్లాన్ వెనక పనిచేసే సేవ) ఆ చిరునామాను వదలకుండా ఉంచుతుంది. లేకపోతే షట్‌డౌన్ సమయంలో నెట్‌వర్క్ ముందుగా దిగిపోయి, రూట్‌ను అన్‌మౌంట్ చేయలేక సర్వర్ చివర్లో వేలాడుతుంది. ఇది నెట్‌వర్క్‌డీ వాడేవారికే వర్తిస్తుంది, నెట్‌వర్క్ మేనేజర్ వాడేవారికి కాదు.

మైపాడు_ఉప్పుగాలి

స్వాప్ (మెమొరీ నిండితే మిగిలింది రాసుకునే డిస్కు చోటు) ఎక్కడ పెట్టారు? అదే లన్‌లో ఉంటే తీసేయండి. మెమొరీ నిండినప్పుడు స్వాప్‌కు రాయాలంటే నెట్‌వర్క్ ప్యాకెట్ కావాలి, ప్యాకెట్ తయారు చేయాలంటే మెమొరీ కావాలి. మా హేచరీలోని యంత్రం ఒక రాత్రి ఆ చిక్కుముడిలో పడి తెల్లవార్లూ అలాగే ఉంది. ఇప్పుడు జెడ్‌రామ్ (మెమొరీలోనే కుదించి ఉంచే స్వాప్) వాడుతున్నాం.

చీమకుర్తి_రాయి

స్వాప్ ఫైలు ఆ లన్‌లోనే ఉంది, తీసేస్తాను. గడువులు మార్చి, సిస్‌ఎఫ్‌ఎస్‌లో 86400 కనిపించిన తర్వాత నాస్‌ను కావాలనే రీస్టార్ట్ చేశాను. సర్వర్ ఆ కాసేపూ స్తంభించి, నాస్ రాగానే కదిలింది. ఏ ఫైలూ చెడిపోలేదు.

ఒక్కటి మిగిలింది. కరెంటు పోయి, యూపీఎస్ కూడా అయిపోయి, తిరిగి వచ్చినప్పుడు సర్వర్, నాస్ ఒకేసారి మొదలవుతాయి. నాస్ పూర్తిగా లేవడానికి చాలా నిమిషాలు పడుతుంది. ఈలోగా ఐపీఎక్స్‌ఈ ప్రయత్నించి, బూట్ పరికరం లేదని చెప్పి ఆగిపోతుంది.

గుండ్లకమ్మ_గేటు

బయోస్‌లో కరెంటు వచ్చాక ఆలస్యంగా లేచే అమరిక ఉందేమో చూడండి. మా సర్వర్‌లో ఉంది.

సింహపురి_టెర్మినల్

ఉంటే మంచిదే, కానీ స్టోర్‌లోంచి తెచ్చిన పాత యంత్రంలో అది ఉండకపోవచ్చు. ఐపీఎక్స్‌ఈకి స్క్రిప్టు రాసే వీలుంది కదా, ఆ పనిని అక్కడే చేయించండి. డీహెచ్‌సీపీ విఫలమైతే పది సెకన్లు నిద్రపోయి మళ్లీ అదే గుర్తు దగ్గరికి వెళ్లమని, శాన్‌బూట్ (లన్ నుంచి లేపే ఆదేశం) విఫలమైనా అలాగే చేయమని రాయాలి. నాస్ ఎంత ఆలస్యంగా లేచినా అది తిరుగుతూనే ఉంటుంది. స్క్రిప్టును ఐపీఎక్స్‌ఈ లోపలే కలిపి కూర్చుకోండి. టీఎఫ్‌టీపీ సేవ కూడా అదే నాస్‌లో ఉన్నట్టయితే, అది లేవకముందే స్క్రిప్టు కోసం వెళ్లి భంగపడకూడదు. ఎలాగూ కొత్తగా కూరుస్తున్నారు కాబట్టి స్పానింగ్ ట్రీని గుర్తుపట్టే కొత్త ప్రతినే తీసుకోండి.

చీమకుర్తి_రాయి

టీఎఫ్‌టీపీ నాస్‌లోనే ఉంది. మరి మొదటి ఐపీఎక్స్‌ఈయే దిగకపోతే స్క్రిప్టు లోపల ఉండి ఏం లాభం?

పెన్నా_ప్యాకెట్

మంచి ప్రశ్న. ఐపీఎక్స్‌ఈని ఒక చిన్న పెన్‌డ్రైవు మీద పెట్టి, బయోస్‌ను దాని నుంచి బూట్ చేయమనండి. అందులో డేటా ఏమీ ఉండదు కనుక పోయినా బాధ లేదు, యంత్రం మార్చినప్పుడు వాచ్‌మన్ దాన్ని తీసి కొత్తదానికి తగిలిస్తాడు. లేదంటే డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ రెండింటినీ రౌటరులోకి మార్చండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉన్న రౌటర్లలో డీఎన్‌ఎస్‌మాస్క్ ఆ రెండు పనులూ చేస్తుంది, రౌటరు నాస్ కంటే చాలా ముందే లేస్తుంది.

మూసీ_ఒడ్డు

అంటే చివరికి సర్వర్‌కు ఒక డిస్కు తగిలిస్తున్నారన్నమాట. నేను రెండో పోస్టులోనే చెప్పాను.

చీమకుర్తి_రాయి

పెన్‌డ్రైవు కాదు, రౌటరు దారి పట్టాను. మా రౌటరులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీయే ఉంది. నిన్న మధ్యాహ్నం మెయిన్ ఆపి, అన్నింటినీ ఒకేసారి లేపి చూశాం. ఐపీఎక్స్‌ఈ తెర మీద ప్రయత్నిస్తూ ప్రయత్నిస్తూ, నాస్ రాగానే పట్టుకుంది. స్క్రిప్టు కావలసినవారు అడిగితే ఇక్కడే పెడతాను.

కావలి_ల్యాబు

నాకు కావాలి. ఎల్‌టీఎస్‌పీ ప్రతిమ తయారైంది, కానీ మా ల్యాబులోనూ కరెంటు వచ్చిన వెంటనే కంప్యూటర్లన్నీ సర్వర్ కంటే ముందే లేచి కూర్చుంటున్నాయి.